షుగరు మాత్రలు, క్షయ వ్యాధి: మన ఇళ్ళలోని రెండు జబ్బుల సంగతి

మన సైన్సు పుస్తకంలో క్షయ అంటువ్యాధుల పాఠంలో ఉంటుంది. చక్కెర వ్యాధి, అంటే మనమంతా షుగరు అని పిలుచుకునే జబ్బు, హార్మోనుల పాఠంలో ఉంటుంది. ఆ రెండింటికీ నడుమ ఎన్నో పేజీలు. పరీక్షలో కూడా రెండూ కలిపి ఒక ప్రశ్న రావడం మేము చూడలేదు. కానీ మన ఊళ్ళలో ఈ రెండు జబ్బులూ వచ్చి ఒకే మనిషి ఒంట్లో చేరుతున్నాయి. అందుకే వార్షికోత్సవ సంచికకు ఏదైనా సైన్సు వ్యాసం రాయమన్నప్పుడు బై.పి.సి. చదువుతున్న మేము కొందరం ఈ విషయాన్ని ఎన్నుకున్నాము.

ఇందుకు ఇంకొక కారణం కూడా ఉంది. పండుగ సెలవులకు ఊళ్ళకు వెళ్ళి వచ్చినప్పుడు మాలో చాలామంది ఒకే రకం మాటలు విని వచ్చారు. "షుగరు మాత్రలు ఎక్కువ రోజులు మింగితే ఊపిరితిత్తులు చెడిపోతాయంట" అని ఒకరు. "ఇన్సులిన్ సూది మొదలుపెట్టినాక మా వీధిలో ఒకాయనకు టీబీ వచ్చింది, ఆ సూది వల్లనే" అని ఇంకొకరు. ఒక మిత్రుని అవ్వ ఈ మాటలు విని మాత్రలు మానేసి, పొలం గట్టు మీద దొరికే ఆకు రసం తాగుతూ కూర్చుంది. "అవ్వా, మాత్ర ఎందుకు మానేస్తివి?" అంటే "నాకు దగ్గు రాకూడదని నాయనా" అన్నదట. ఆమె భయం అబద్ధం కాదు. షుగరుకూ క్షయకూ సంబంధం ఉన్న మాట నిజం. అయితే ఆ సంబంధం ఆమె అనుకున్న వైపు లేదు, సరిగ్గా దానికి ఎదురు వైపు ఉంది.

ముందు క్షయ సంగతి చూద్దాం. 1882 మార్చి 24న జర్మనీ శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ క్షయకు కారణమైన సూక్ష్మజీవిని కనుగొన్నట్టు బెర్లిన్‌లో ప్రకటించాడు. అందుకే ఏటా మార్చి 24ను ప్రపంచ క్షయ దినంగా జరుపుకుంటారు. ఈ సూక్ష్మజీవి చాలా నిదానస్తురాలు. మామూలు బాక్టీరియాలు అరగంట లోపలే రెండుగా చీలిపోతే దీనికి పదిహేను నుంచి ఇరవై గంటలు పడుతుంది. రోగి దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు గాలిలోకి వచ్చి, మనం పీల్చే గాలితో ఊపిరితిత్తులలోకి చేరుతుంది. ఒకరి పళ్ళెంలో తింటేనో, ఒకరి దుప్పటి కప్పుకుంటేనో రాదు. ఇళ్ళలో టీబీ రోగికి గ్లాసు వేరు, కంచం వేరు పెట్టి, అదే మనిషిని కిటికీ లేని గదిలో అందరి మధ్యా పడుకోబెడతారు. చేయవలసింది దీనికి తలకిందులు. కంచం సంగతి వదిలేసి కిటికీ తెరవాలి.

సూక్ష్మజీవి ఒంట్లోకి వచ్చినంత మాత్రాన జబ్బు రాదు. ప్రపంచ జనాభాలో దాదాపు నాలుగోవంతు మంది ఒంట్లో ఈ క్రిమి ఒకప్పుడు చేరిందని అంచనా. వారిలో నూటికి ఐదు నుంచి పది మందికే జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు జబ్బు పైకి వస్తుంది. మిగిలినవారిలో మన రక్తంలోని భక్షక కణాలు క్రిమిని చుట్టుముట్టి, గోడ కట్టి, అందులో బంధించి ఉంచుతాయి. కోటలో ఖైదీని పెట్టినట్టు అనుకోండి. పెనుకొండ వాళ్ళకు కోట గురించి వేరే చెప్పనక్కరలేదు. కాపలావాళ్ళు మెలకువగా ఉన్నంత కాలం ఖైదీ బయటకు రాడు. కాపలావాళ్ళకు నిద్ర పట్టిందంటే మాత్రం చెప్పలేం.

ఆ కాపలావాళ్ళకు నిద్ర పట్టించే వాటిలో ఒకటి అదుపు తప్పిన షుగరు. రక్తంలో గ్లూకోజు చాలా కాలం ఎక్కువగా ఉంటే భక్షక కణాలు క్రిమిని మింగడంలో, చంపడంలో నిదానిస్తాయి. క్రిమి వచ్చిందన్న కబురు అందుకొని యుద్ధానికి రావలసిన టి కణాలు కూడా ఆలస్యంగా వస్తాయి. తిండి చాలకపోవడం, హెచ్.ఐ.వి., పొగ తాగడం, మద్యం, రాతి దుమ్ము పీల్చడం కూడా ఇలాంటి పనే చేస్తాయి. షుగరు ఉన్నవారికి క్షయ వచ్చే అవకాశం లేనివారికంటే రెండు నుంచి మూడు రెట్లు ఎక్కువని అనేక దేశాల పరిశోధనలు తేల్చాయి. ఇక్కడ ఒక మాట గమనించాలి. షుగరు ఉన్నవారంతా ఒకటి కాదు. హాంకాంగ్‌లో సుమారు 42 వేల మంది వృద్ధులను కొన్నేళ్ళపాటు గమనించి 2008లో ఫలితాలు ప్రకటించారు. మూడు నెలల సగటు షుగరును చూపించే హెచ్.బి.ఎ.1.సి. పరీక్షలో 7 గాని, అంతకంటే ఎక్కువ గాని వచ్చిన మధుమేహులకే క్షయ ముప్పు దాదాపు మూడు రెట్లు కనబడింది. 7 లోపల ఉంచుకున్నవారికి షుగరు లేనివారితో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే ముప్పు షుగరు అనే పేరులో లేదు, దాన్ని అదుపులో పెట్టకపోవడంలో ఉంది.

ఇది కొత్తగా తెలిసిన సంగతి కూడా కాదు. ఇన్సులిన్ రాకముందు షుగరు ఉన్న పిల్లలు ఎక్కువ కాలం బతికేవారు కారు. 1921లో కెనడాలోని టొరంటోలో బాంటింగ్, బెస్ట్ అనే ఇద్దరు ఇన్సులిన్‌ను వేరుచేశారు. 1922 జనవరిలో మొదటిసారి ఆ మందు ఎక్కించుకున్న రోగి లియోనార్డ్ థాంప్సన్ వయసు 14 ఏళ్ళు. మన వసతి గృహంలో తొమ్మిదో తరగతి చదివే తమ్ముళ్ళ వయసు. ఆ మందుతో అతడు మరో పదమూడేళ్ళు బతికాడు. ఆ తరువాత 1934లో అమెరికాలోని బోస్టన్ వైద్యుడు హోవార్డ్ రూట్ షుగరు రోగులలో క్షయ ఎలా వస్తోందో వివరంగా రాశాడు. క్షయకు మందులు వచ్చాక ప్రపంచం ఈ జోడీని కొన్నాళ్ళు మరిచిపోయింది. ఇప్పుడు మన దేశంలో మళ్ళీ గుర్తు చేసుకోవలసి వచ్చింది. ఎందుకంటే 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి సర్వే ప్రకారం దేశంలో షుగరు ఉన్నవారు 10 కోట్ల పైమాటే. అదే 2023లో దేశంలో కొత్తగా క్షయ వచ్చినవారు 28 లక్షలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ప్రపంచంలోని క్షయ రోగులలో ప్రతి నలుగురిలో ఒకరికి పైగా మనవాళ్ళే. 2012లో పక్క రాష్ట్రం తమిళనాడులో క్షయ రోగులకు షుగరు పరీక్షలు చేస్తే నూటికి పాతికమందికి షుగరు ఉన్నట్టు తేలింది. అదే ఏడాది వెలువడిన కేరళ లెక్కలో నూటికి 44 మంది.

క్షయ చరిత్రలో మన ప్రాంతం పేరు

క్షయ గురించి రాస్తూ మన సీమ పేరు చెప్పకుండా ఉండలేం. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో క్షయ శానిటోరియం మొదలైంది. డెన్మార్కు నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమాట్ మోలర్ దాన్ని పెంచి పెద్దచేశాడు. అప్పుడు మందులు లేవు. మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి, ఇవే వైద్యం. శానిటోరియంలో పడక దొరికినవాడు అదృష్టవంతుడు. దొరకని కూలివాని గతి ఏమిటి? ఆ ప్రశ్నకు జవాబు మద్రాసులో దొరికింది. 1956లో అక్కడ మొదలైన క్షయ చికిత్సా కేంద్రం రోగులను రెండు భాగాలు చేసి, ఒక భాగాన్ని శానిటోరియంలోనూ, ఒక భాగాన్ని వాళ్ళ ఇళ్ళలోనే ఉంచి ఒకే మందులు ఇచ్చింది. ఇరుకు ఇళ్ళలో ఉండి, అరకొర తిండి తిన్నవారు కూడా దాదాపు అంతే బాగా కోలుకున్నారని 1959లో తేలింది. మందు మానకుండా మింగితే చాలు, మేడలు అక్కరలేదన్నమాట.

ఇక అసలు గర్వించవలసిన సంగతి. బెంగుళూరులోని జాతీయ క్షయ సంస్థ దేశమంతటికీ ఒక పథకం తయారుచేసి, 1961లో దాన్ని మొదట పరీక్షించి చూసింది మన అనంతపురం జిల్లాలోనే. అప్పుడు పెనుకొండ, హిందూపురం, ధర్మవరం అన్నీ అనంతపురం జిల్లాలోవే. 2022 ఏప్రిల్ 4 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాయి. ఇక్కడ నేర్చుకున్న దానితో 1962లో జాతీయ క్షయ కార్యక్రమం మొదలైంది. ప్రత్యేక ఆసుపత్రి కట్టనవసరం లేకుండా మామూలు ఆసుపత్రిలోనే గళ్ళ పరీక్ష చేసి మందులివ్వడం అనే పద్ధతి దేశానికి వెళ్ళింది ఈ మెట్ట నేల మీద నుంచే. మన పుస్తకాలలో ఈ వాక్యం ఎందుకు లేదో మాకు తెలియదు. ఉండవలసింది.

అదే రోజుల్లో ఆ సంస్థవారు మనకు పొరుగున ఉన్న తుమకూరు జిల్లా పల్లెలలో ఇంకొకటి కనిపెట్టారు. పల్లెటూరి వాళ్ళు జబ్బు దాచుకుంటారు, ఆసుపత్రికి రారు అని అందరూ అనుకునేవారు. లెక్క తీస్తే క్షయ ఉన్నవారిలో సగం మంది దాకా అప్పటికే ఏదో ఒక ఆసుపత్రి గడప తొక్కి వచ్చినవారే! అక్కడ దగ్గు మందు సీసా ఇచ్చి పంపేశారు. 1963లో బెనర్జీ, ఆండర్సన్ అనే ఇద్దరు దీన్ని ప్రచురించారు. ఆ మాట నేటికీ మరువకూడదు. షుగరు ఉన్న మనిషి విషయంలో ఇది మరీ అవసరం. బరువు తగ్గినా, నీరసం వచ్చినా "షుగరు కదా, అంతే" అని ఇంట్లోవాళ్ళూ అంటారు, రోగీ అంటాడు. క్షయలోనూ బరువు తగ్గుతుంది, నీరసం వస్తుంది. రెండూ ఒకదాని చాటున ఒకటి దాక్కుంటాయి.

మాత్రల మాట

ఇప్పుడు అవ్వ అడిగిన ప్రశ్నకు వద్దాం. షుగరు మాత్రల వల్ల క్షయ వస్తుందా?

మన ఇళ్ళలో ఎక్కువగా కనబడే షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్. దీని పుట్టుక వింతగా ఉంటుంది. ఐరోపాలో గలేగా అనే పూల మొక్క ఉంది. పాతకాలంలో నాటు వైద్యులు దాన్ని వాడేవారు. ఆ మొక్కలోని పదార్థానికి దగ్గరి చుట్టమైన మెట్‌ఫార్మిన్‌ను 1922లో డబ్లిన్‌లో తయారుచేశారు. ఇన్సులిన్ వచ్చిన సందడిలో దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. 1949 ప్రాంతంలో ఫిలిప్పీన్స్‌లో ఒక వైద్యుడు దాన్ని ఫ్లూ జ్వరానికి వాడి చూశాడు. 1957లో ఫ్రాన్సు వైద్యుడు జాన్ స్టెర్న్ షుగరు రోగులకు ఇచ్చి ఫలితం ప్రకటించాడు. ఆకు పసరు మంచిది, మాత్ర చెడ్డది అనేవారికి ఈ కథ చెప్పాలి. ఈ మాత్రకు మూలం కూడా ఒక మొక్కే. తేడా ఏమంటే ఇందులో ఎంత మందు ఉందో కొలత ఉంది.

2014లో సింగపూర్‌లో పనిచేస్తున్న శాస్త్రవేత్తల బృందం ఒక ఆశ్చర్యకరమైన ఫలితం ప్రకటించింది. మెట్‌ఫార్మిన్ భక్షక కణాలను మేల్కొలిపి, లోపల దాగిన క్షయ క్రిమిని చంపడానికి సాయపడుతున్నట్టు ప్రయోగశాలలోనూ, ఎలుకలలోనూ కనబడింది. షుగరు రోగుల రికార్డులు తిరగేస్తే మెట్‌ఫార్మిన్ వాడుతున్నవారిలో క్షయ తీవ్రత తక్కువగా కనబడింది. తరువాత ఇతర దేశాల రికార్డులలోనూ ఈ మాత్ర వాడేవారికి క్షయ తక్కువగా వస్తున్నట్టు కొన్ని లెక్కలు చెప్పాయి. అంటే ఊళ్ళో మాటకు పూర్తిగా ఎదురు.

అయితే ఇక్కడే మనం సైన్సు విద్యార్థులుగా తొందరపడకూడదు. మన వసతి గృహంలో పదో తరగతిలో వెనుకబడినవారికి రాత్రి పూట ప్రత్యేక తరగతులు పెడతారు. ఫలితాలు వచ్చాక చూస్తే, ప్రత్యేక తరగతులకు వెళ్ళినవారిలోనే ఎక్కువమంది తప్పి ఉంటారు. అందుకని ప్రత్యేక తరగతుల వల్లే తప్పారంటామా? అనము. తప్పే ప్రమాదం ఉన్నవారినే అక్కడికి పంపారు. ఇన్సులిన్ సంగతీ అంతే. మాత్రలకు లొంగని, ముదిరిన షుగరు ఉన్నవారికే డాక్టర్లు ఇన్సులిన్ రాస్తారు. ముదిరిన షుగరు ఉన్నవారికే క్షయ ఎక్కువగా వస్తుంది. బయటి నుంచి చూసేవారికి సూది తరువాత టీబీ వచ్చినట్టు కనిపిస్తుంది. వీధిలో ఆ పెద్దాయన విషయంలో జరిగింది ఇదే అయి ఉండవచ్చు.

మెట్‌ఫార్మిన్‌కు ఇదే లెక్క తిరగబడి వర్తిస్తుంది. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారికి ఈ మాత్ర ఇవ్వరు. కాబట్టి దాన్ని వాడేవారు మొదటి నుంచే కాస్త ఆరోగ్యవంతులు. పైగా ఒక మనిషి "రెండేళ్ళు మాత్ర వాడినవాడు" అని లెక్కలో చేరాలంటే ఆ రెండేళ్ళూ జబ్బు పడకుండా నిలబడి ఉండాలి కదా. మాత్ర గొప్పతనం కొంత, మనిషి గొప్పతనం కొంత కలిసిపోతాయి. వీటిని విడదీయాలంటే రికార్డులు చాలవు. చీటీలు వేసినట్టు రోగులను రెండు గుంపులుగా చేసి, ఒక గుంపుకు ఇచ్చి, రెండో గుంపుకు ఇవ్వకుండా పోల్చి చూడాలి.

ఆ పని జరిగింది కూడా మనకు దగ్గరలోనే. ఇందాక చెప్పుకున్న మద్రాసు క్షయ కేంద్రమే నేడు చెన్నైలోని జాతీయ క్షయ పరిశోధన సంస్థ. అక్కడివారి ఆధ్వర్యంలో షుగరు లేని 322 మంది క్షయ రోగులను తీసుకొని, కొందరికి మామూలు క్షయ మందులు, కొందరికి వాటితోపాటు మెట్‌ఫార్మిన్ ఇచ్చారు. 2022లో ఫలితం వచ్చింది. గళ్ళలో క్రిములు త్వరగా పోతాయేమోనని ఆశించారు, అలా జరగలేదు. కానీ మెట్‌ఫార్మిన్ తీసుకున్నవారి ఊపిరితిత్తులలో వాపు, నష్టం తక్కువగా ఉన్నట్టు కనబడింది. అంటే ఇది క్షయకు మందు కాదు. షుగరు లేనివారు క్షయ రాకుండా ఉండటానికని దీన్ని మింగరాదు. కానీ షుగరు ఉన్న మన అవ్వలు, తాతలు ఈ మాత్ర వల్ల క్షయ వస్తుందని భయపడవలసిన పని ఏ మాత్రమూ లేదు. ఇంతవరకు ధైర్యంగా చెప్పవచ్చు.

రెండు జబ్బులూ ఉన్నవారి మందులు

ఈ భాగం కొంచెం జాగ్రత్తగా చదవమని మిత్రులను కోరుతున్నాము. ఇళ్ళలో మందుల చీటీ చదివిపెట్టేది చాలాసార్లు మనమే కాబట్టి.

క్షయకు మామూలుగా ఆరు నెలల చికిత్స. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తరువాత నాలుగు నెలలు మూడు మందులు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఇవి ఉచితం. ఈ మందులలో రిఫాంపిసిన్ ముఖ్యమైనది. అది వేసుకుంటే మూత్రం నారింజ రంగులో వస్తుంది, రక్తం అనుకొని భయపడి మానేసినవారు ఉన్నారు. ఆ రంగు వల్ల హాని లేదు. రిఫాంపిసిన్‌కు ఇంకొక గుణం ఉంది. అది కాలేయాన్ని తొందరపెట్టి, ఇతర మందులను త్వరగా విరిచి బయటకు పంపేట్టు చేస్తుంది. గ్లైమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి షుగరు మాత్రల బలం దీనివల్ల తగ్గిపోతుంది. రోగి రోజూ మాత్ర వేసుకుంటూనే ఉంటాడు, షుగరు మాత్రం పెరుగుతూనే ఉంటుంది. పైగా క్షయ వల్ల వచ్చే జ్వరమే షుగరును పెంచుతుంది. అప్పుడు ఇంట్లోవాళ్ళు "మాత్ర పని చేయడం లేదు" అని నిరాశపడి మానిపిస్తారు. చేయవలసింది మానిపించడం కాదు, డాక్టరుకు చూపించి మోతాదు మార్పించడం. కొందరికి ఆ ఆరు నెలలు ఇన్సులిన్ రాస్తారు. మెట్‌ఫార్మిన్ మీద రిఫాంపిసిన్ ప్రభావం ఇంతగా ఉండదు. కానీ రెండూ కడుపులో వికారం తెప్పించేవే కనుక అన్నం తినలేక రోగి నీరసించే వీలుంది.

అరికాళ్ళ మంట ఇంకొక చిక్కు. షుగరు వల్ల నరాలు దెబ్బతిని కాళ్ళు తిమ్మిరెక్కుతాయి. క్షయ మందులలోని ఐసోనియాజిడ్ శరీరంలో బి6 విటమినును తగ్గించి అదే పని చేస్తుంది. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే బి12 తగ్గవచ్చు. అందుకే రెండు జబ్బులూ ఉన్నవారికి డాక్టరు క్షయ మందులతోపాటు పిరిడాక్సిన్ అనే చిన్న విటమిను మాత్ర ఇస్తారు. చిన్నదని దాన్ని పారేయకూడదు.

2017లో కేంద్ర ప్రభుత్వం క్షయ, షుగరు కార్యక్రమాలను కలిపి నడిపే విధానం ప్రకటించింది. దాని ప్రకారం క్షయ రోగి ప్రతి ఒక్కరికీ షుగరు పరీక్ష చేయాలి, షుగరు రోగిని దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు ఉన్నాయా అని అడగాలి. అడగకపోతే మనమే చెప్పాలి. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే గళ్ళ పరీక్ష చేయమని అడగవచ్చు. షుగరు ఉన్నవారిలో క్షయ ఒక్కోసారి ఊపిరితిత్తి పైభాగాన కాక కింది భాగాన కనబడి, ఎక్స్‌రేలో న్యుమోనియా మాదిరి అనిపిస్తుంది. కాబట్టి ఎక్స్‌రే ఒక్కటే చూసి ఊరుకోకుండా గళ్ళ పరీక్ష కూడా చేయించడం మేలు. ఇంట్లో ఒకరికి ఊపిరితిత్తుల టీబీ అని తేలితే మిగిలినవారికీ పరీక్షలు చేసి, జబ్బు లేదనుకుంటే నివారణ మందు ఇస్తారు. తిండి కోసం ప్రభుత్వం రోగి ఖాతాలో 2018 నుంచి నెలకు 500 రూపాయలు వేసేది, 2024 నవంబరు నుంచి దాన్ని 1000 చేశారు. షుగరు ఉన్న రోగి ఆ డబ్బుతో గుడ్లు, పప్పులు, వేరుశనగలు కొనుక్కోవాలి. అరటిపండ్లు, బెల్లం పెట్టి "బలానికి" అంటే షుగరు ఎక్కడికో పోతుంది. రాగి సంగటి మంచిదే కానీ, ముద్దల లెక్క చూసుకోవాలి. రాగిలోనూ పిండిపదార్థమే ఉంది. సంగటి తింటే షుగరు రాదనే మాట మన సీమలో చాలామంది నమ్ముతారు, అది సరికాదు.

ఆరు నెలలు అయిపోయి క్షయ మందులు ఆపేసిన రోజున పని అయిపోయిందని అందరూ అనుకుంటారు. ఆ రోజే మళ్ళీ ఒకసారి షుగరు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. రిఫాంపిసిన్ ఆగిన రెండు మూడు వారాలలో కాలేయం మామూలు స్థితికి వస్తుంది. అంతకు ముందు పెంచిన గ్లైమెపిరైడ్ మోతాదు అలాగే ఉంటే షుగరు ఒక్కసారిగా పడిపోయి చెమటలు, వణుకు, మాట తడబడటం, స్పృహ తప్పడం జరగవచ్చు. స్పృహలో ఉంటే వెంటనే రెండు మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోను చేయాలి. ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు పాత మందుల చీటీ ఒక్కటే కాదు, ఇంట్లో ఉన్న మాత్రల అట్టలన్నీ ఒక సంచిలో వేసుకొని వెళితే డాక్టరుకు ఏది ఎంత తగ్గించాలో తెలుస్తుంది.